ఎత్తు ప్రకారం వరసలు

కిందటి నెలలో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఓ ఇరవై మంది చిన్న బస్సు మాట్లాడుకుని మా మామిడి నర్సరీ చూడటానికి వచ్చారు. అందరూ నాలాగే చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు. ఒకావిడది పచ్చళ్ల తయారీ, ఇంకొకావిడది కుట్టు మిషన్లు, ఇద్దరు ముగ్గురు ఇంట్లోనే చీరలు అమ్ముతారట. నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో ఉన్న మా నర్సరీకి పద్ధతిగా ఉంటుందని ఈమధ్య కాస్త పేరొచ్చింది. ప్రతి మొక్కకీ ప్లాస్టిక్ ట్యాగు, ట్యాగు మీద నంబరు, ఆ నంబరు వెతికితే రిజిస్టర్లోనూ ఫోన్లోనూ దొరికే వివరాలు: ఏ తోటలో ఏ చెట్టు పుల్ల, ఎవరు కోశారు, ఎవరు అంటు కట్టారు, ఏ రోజున. అవన్నీ చూసి పచ్చళ్లావిడ నోరు తెరిచింది. "ఇంత పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారండీ? మా ఇంట్లో ఏ జాడీలో ఏముందో మూత తీసి చూస్తేగానీ నాకే తెలీదు" అంది. "హైదరాబాదులో ట్రైనింగ్ ఇచ్చారమ్మా" అన్నాను. వాళ్లు అది కూడా పుస్తకాల్లో రాసుకున్నారు.

బస్సు వెళ్లిపోయాక అన్నం ముందు కూర్చున్నాను కానీ ఆ మాటే గుర్తొస్తోంది. ట్రైనింగ్ నిజమే, సర్టిఫికెట్టు గోడకి ఉంది. కానీ నేను నేర్చుకున్నది అక్కడ కాదు. ఎక్కడ నేర్చుకున్నానో నా పిల్లలకి కూడా చెప్పలేదు. అమ్మ పోయి మూడేళ్లయింది. ఇక నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు.

మా నాన్న పెద్ద నర్సరీల్లో అంటు కట్టే పనివాడు. ఆయన పోయేనాటికి నాకు ఏడేళ్లు. అమ్మ పేరు నాగమణి. తోటల్లో కాయ కోతకి కూలికి వెళ్లేది. నాన్న పక్కన కూర్చుని చూసి చూసి ఆ పని పట్టుకుంది కాబట్టి, కొంచెం నేల కౌలుకి తీసుకుని సొంతంగా మొక్కలు పెట్టింది. పెట్టుబడి అంటే ఒక కత్తి, రెండు బిందెలు, మా నాయనమ్మ. నాయనమ్మకి చూపు బాగా తగ్గింది, అయినా రోజంతా నులక మంచం మీద కూర్చుని సంచుల్లోకి మట్టి ఎత్తుతూ ఉండేది. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే వాసన. మాగిన పశువుల ఎరువు, వేపపిండి, వాటన్నిటి మీదా మామిడి సొన. అమ్మ చేత్తో కలిపి పెట్టిన అన్నంలోనూ ఆ సొన ఘాటు తగిలేది. వేసవిలో తిన్న రసాల టెంకలు పారెయ్యకుండా నాటేవాళ్లం. అవి మొలిచి పెన్సిలంత లావయ్యాక పైభాగం కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని దానికి అతికించి కట్టేది అమ్మ. ఏ చెట్టు పుల్ల కడితే ఆ చెట్టు కాయే కాస్తుంది. అది కాసేది మాత్రం నాలుగైదేళ్లకి. ఈలోపు చూడటానికి అన్ని మొక్కలూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. ఆ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, మా బతుకంతా దాని మీదే ఆధారపడి ఉండేది.

అమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ ఆరు వందల మొక్కల్లో ఏది ఏంటో ఆమెకి తెలుసు. నాయనమ్మ పాత చీరలు చింపి పీలికలు చేసి ఇచ్చేది. బంగినపల్లికి ఎర్ర పీలిక, చిన్నరసానికి పచ్చది, పెద్దరసానికి తెల్లది, సువర్ణరేఖకి పసుపుది. ఒక ముడి వేస్తే పుల్ల మా ఊరి తోటది, రెండు ముడులు వేస్తే చాట్రాయిది. ఏ సంచి ఎక్కడ పెట్టిందో గుర్తు కాబట్టి కళ్లు మూసుకుని కూడా చెప్పేది. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సంచి పెట్టేది. పొట్టిదీ పొడుగుదీ కలిసి, రంగురంగుల గుడ్డలతో, ఆ జాగా సంతలా ఉండేది. ఒకసారి మొక్కలు కొనడానికి ఎవరో స్కూటర్ మీద వచ్చి, "ఏంటమ్మా ఇది, నర్సరీయా, చాకిరేవా?" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని టీచర్లు నాచేతే బోర్డు మీద రాయించేవాళ్లు. ఆ గుడ్డపీలికలు చూసినప్పుడల్లా మా అమ్మ చదువులేనితనం దారిన పోయేవాళ్లందరికీ కనపడేలా ఆరేసినట్టుండేది నాకు.

ఆ వేసవిలో అమ్మ మేనకోడలి పెళ్లికని ఉంగుటూరు వెళ్లింది. మూడు రోజులు. నాయనమ్మ, నేను ఇంట్లో ఉన్నాం. అమ్మ వచ్చేసరికి నర్సరీని నర్సరీలా చెయ్యాలనుకున్నాను. పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి ముక్కలు చేశాను. ఒక్కో మొక్క దగ్గర కూర్చుని, గుడ్డ రంగు చూసి, నీలం సిరాతో రకం పేరు రాసి, దారంతో కట్టి, గుడ్డ కోసేశాను. తర్వాత సంచుల్ని సర్దాను. మా బడిలో ప్రార్థనకి నిలబెట్టినట్టు, పొట్టివి ముందు, పొడుగువి వెనక, ఎత్తు ప్రకారం వరసలు. రకం ప్రకారం పెట్టాలని నాకు తట్టనే లేదు, పేర్లు రాసి ఉన్నాయి కదా. తాడు పట్టుకుని మరీ వరసలు తిన్నగా సరిచేశాను. మూడో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. గుడ్డలన్నీ పోగేసి వేణ్ణీళ్ల కాగు కింద పెట్టాను. "ఏంటే కాలుతోంది?" అని మంచం మీద నుంచి అడిగింది నాయనమ్మ. "పాత గుడ్డలు నాయనమ్మా" అన్నాను. అవి ఏ గుడ్డలో ఆమెకి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

సాయంత్రం గాలివాన వచ్చింది. చుట్టుపక్కల తోటల్లో జనం రాలిన కాయలు ఏరుకోవడానికి గంపలు పట్టుకుని పరిగెడుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, కడిగినట్టున్న నా వరసల్ని చూసి మురిసిపోతున్నాను. వాన వెలిశాక దగ్గరికి వెళ్లాను. మొదటి అట్టముక్క చేత్తో పట్టుకుంటే పిండిలా ఊడి వచ్చింది. రెండోదాని మీద నీలం మరక తప్ప ఏమీ లేదు. మూడోదీ అంతే. ఆ వరస చివరిదాకా నడిచాను. తర్వాత వరస. ఎక్కడో ఒకచోట ఒక పేరు మిగలకపోతుందా అని మొత్తం ఆరు వందలూ చూశాను. పద్నాలుగో పదిహేనో మిగిలాయి. చేతులు మోచేతుల దాకా నీలంగా అయ్యాయి.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి అమ్మ దిగింది. చేతిలో పెళ్లి లడ్డూల మూట. తడిక తీసి లోపలికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"గుడ్డలేవే?"

"తీసేశానమ్మా. పేర్లు రాశాను."

"ఏవీ పేర్లు?"

నీలం చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"గుడ్డలు ఎక్కడ పెట్టావు?"

"కాగు కింద."

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మూట కింద పెట్టి, వరసల మధ్యలోకి వెళ్లి, అటూ ఇటూ చూసి, "ఏది ఎక్కడుండేదో అదైనా ఉంచలేదటే తల్లీ" అంది. నన్ను అడిగినట్టు లేదు. అక్కడే తడి మట్టిలో కూర్చుండిపోయింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఎండెక్కింది. లోపల్నుంచి నాయనమ్మ "నాగమణీ, వచ్చావటే? ఏంటే మాట్లాడవు?" అని పిలుస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచే అమ్మ ఆకులు వాసన చూడటం మొదలుపెట్టింది. ముదురు ఆకు నలిపి వాసన చూస్తే రకం కొంతవరకు చెప్పొచ్చు. పెద్ద చెట్లకైతే పరవాలేదు. లేత మొక్కకి అది నమ్మకమైన గుర్తు కాదు. అమ్మకి ఎప్పుడూ బుగ్గన వక్క ఉండేది, ఆ వాసన అడ్డొస్తుందని మానేసింది. తోటల్లోకి వెళ్లి తెలిసిన చెట్ల ఆకులు తెచ్చి ఒళ్లో పోసుకునేది. అది నలిపి, ఇది నలిపి, మళ్లీ అది నలిపి. పది మొక్కలయ్యేసరికి ముక్కు మొద్దుబారిపోయేది. లేచి ముఖం కడుక్కుని, చెరువు గట్టుదాకా నడిచి వచ్చి మళ్లీ కూర్చునేది. సొన తగిలి పెదవుల చివర్లు పుండ్లు పడ్డాయి. రకం తేలిన మొక్కలకి నేను గుడ్డ కట్టేదాన్ని. ఈసారి నాయనమ్మ కట్టుకునే చీరలే చింపింది, ఇంట్లో ఇంక పాతవి లేవు. పన్నెండు రోజులకి సగం మొక్కలు తేలాయి. మిగతా మూడు వందల ముందు కూర్చుని ఒకరోజు అమ్మ ఏడ్చింది. "నాకు తెలీటంలేదే. ఏది ముట్టుకున్నా ఒకటే వాసన. నా ముక్కు చచ్చిపోయింది" అని పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను అంతకుముందు నాన్న పోయినప్పుడే చూశాను.

కష్టం ఒక్కటే ఎప్పుడొచ్చింది కనక. కౌలు ఇచ్చినాయన నేల అమ్మేశాడు, ఆషాఢం లోపల ఖాళీ చెయ్యమన్నాడు. వేరే జాగా లేదు. బావి లేని చోట మొక్క బతకదు. అలాంటప్పుడు నరసింహాచార్యులు గారు వచ్చారు. పక్క ఊళ్లో గుడి అర్చకులు. రెండెకరాల సొంత భూమి ఉంది, అందులో బంగినపల్లి తోట వేద్దామని ఎన్నాళ్లనుంచో కోరిక. "ఎనభై మొక్కలు కావాలి నాగమణీ. అన్నీ బంగినపల్లే. ఒకేసారి నాటాలి. నీ మొక్కలకీ జాగా లేదంటున్నారు కదా, నా పొలం మూల బావి పక్కన పెట్టుకో. నీళ్లూ నావే. తోట చూసిపెడుతూ ఉండు, కౌలు వద్దు" అన్నారు. దేవుడే పంపించాడంది నాయనమ్మ.

తేలినవాటిలో బంగినపల్లి యాభై ఉన్నాయి. యాభై మాత్రమే.

బండి వచ్చిన రోజు పొద్దున అమ్మ తేలని మొక్కల్లోకి వెళ్లింది. ముప్ఫై మొక్కలు ఏరింది. ఏ గుర్తుతో ఏరిందో, అసలు గుర్తు ఉందో లేదో. ఒక్కోదానికీ తనే ఎర్ర గుడ్డ కట్టింది. నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూడలేదు. ఆచార్యులు గారు బండి మీదికి ఎక్కించిన మొక్కల్ని ఒకసారి చూసుకుని, "అన్నీ బంగినపల్లే కదా నాగమణీ?" అన్నారు. అనుమానంతో కాదు, సంతోషంతో అడిగారు. అమ్మ "అవునండీ" అంది. ఆయన మొదటి మొక్కకి పసుపు రాసి, బొట్టు పెట్టి నాటారు. మిగిలిన తేలని మొక్కల్ని అమ్మ "ఏ రకమో తెలీదు, పెరట్లో వేసుకోండి" అని చుట్టుపక్కల ఇళ్లకి ఊరికే ఇచ్చేసింది. అంటే నిజం చెప్పడం రాక కాదు. ఆ ఒక్కచోట చెప్పలేకపోయింది.

ఆ తర్వాత అయిదేళ్లూ ఆ తోట మూలనే ఉన్నాం. గుడిసె వేసుకున్నాం. పొద్దున లేచి చీపురు పట్టుకుంటే ఎదురుగా ఆ ముప్ఫై మొక్కలే, పడమటి వైపు మూడు వరసలు. అమ్మ పద్ధతి మొత్తం మారిపోయింది. గుడ్డ ఉండాలి, దాంతోపాటు రాత ఉండాలి. "నేను చెప్తా, నువ్వు పుస్తకంలో రాయి. రాసింది నాకు చదివి వినిపించు" అనేది. ఏ మొక్క ఎక్కడ పెట్టామో లెక్కగా గీతలు గీసి రాళ్లు పాతింది. ఒక సంచి జరపాలంటే ఇద్దరం ఉండాలి. నాయనమ్మ సంచి పక్కకి పెట్టిందని ఒకసారి ఆమె మీద అరిచింది, ముసలావిడ రెండు రోజులు అన్నం తినలేదు. కిందటి నెల సంఘాల ఆడవాళ్లు చూసి మెచ్చుకున్న పద్ధతి మొత్తం అక్కడ పుట్టింది. శ్రద్ధతో కాదు, భయంతో.

మూడో ఏడు ఆకు ముదిరేసరికి అమ్మకి తెలిసిపోయింది. తెల్లవారుజామున ఆ వరసల్లో ఆకులు తుంచుకుంటూ తిరగడం నేను చూశాను. తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని, "పంతొమ్మిది కాదే" అంది. ముప్ఫైలో పంతొమ్మిది. "చెప్పేద్దామమ్మా" అన్నాను. "రేపు చెప్తా" అంది. ఆ రేపు రాలేదు. నాలుగో ఏడు చెట్లు పూతకొచ్చాయి. ఆచార్యులు గారు చిన్నపిల్లాడిలా చెట్టుచెట్టుకీ తిరిగి చూసుకున్నారు. అమ్మ వెళ్లి, "చెట్లు ఇంకా లేతగా ఉన్నాయండీ, ఈ ఏడు పూత దులిపేస్తే గట్టిపడతాయి" అంది. అది సరైన సలహానే. ఎవరైనా అదే చెప్తారు. కానీ ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. ఆయన మారుమాట లేకుండా దులిపించారు.

అయిదో ఏడు ఆగలేదు. కాయలు దిగాయి. తొలి కాయ దేవుడికి పెట్టాలని ఆయన పడమటి వరసలోనే కోశారు, అక్కడ ముందు పండింది. ఉత్తరీయంలో పెట్టుకుని మా గుడిసె దగ్గరికి వచ్చారు. అమ్మ లేచి నిలబడింది.

"ఇదేంటి నాగమణీ?"

"చిన్నరసం అండీ."

"నేను అడిగింది ఏంటి?"

"బంగినపల్లి అండీ."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నావల్లేనండీ, నేనే గుడ్డలు..." అని నేను ముందుకి వచ్చాను. "నువ్వు నోర్ముయ్యి" అంది అమ్మ. తర్వాత ఆయన కాళ్ల వైపు చూస్తూ, "ఇచ్చేటప్పుడే అనుమానం అండీ. మూడో ఏట తెలిసిపోయింది" అంది.

ఆయన కేకలెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది. "పొరపాటైతే ఆ రోజు చెప్పాల్సింది. యాభయ్యే నాటుకునేవాణ్ణి" అన్నారు. "నా ఇంట్లో మనిషిలా చూశానే నిన్ను." కాయని మా అరుగు మీద పెట్టి, "ఈ నెలాఖరికి జాగా ఖాళీ చెయ్యి" అని వెళ్లిపోయారు. ఆ మాటలే ఆయన అమ్మతో మాట్లాడిన చివరి మాటలు.

ఆ సంగతి పదిరోజుల్లో చాట్రాయి దాకా పాకింది. ఒక్కరూ మొక్కకి రాలేదు. బయానా ఇచ్చినవాళ్లు తిరిగి పట్టుకెళ్లారు. అమ్మ మళ్లీ కోత కూలికి వెళ్లింది, మొక్కల సంచులు చుట్టాల దొడ్లో ఎండిపోతున్నాయి. ఆ రోజుల్లోనే నాయనమ్మ పోయింది. కర్మ అయిన మర్నాటి నుంచి అమ్మ రోజూ పొద్దున కత్తి పట్టుకుని ఆచార్యులు గారి తోట గేటు దగ్గర నిలబడేది. తప్పు చెట్ల తల నరికి, కొత్త చిగుళ్ల మీద బంగినపల్లి అంటు కడితే చెట్టు మారుతుంది. ఆ పని తనకొచ్చు, చేసిపెడతానని కబురు పెట్టింది. ఆయన బదులివ్వలేదు. ఆమెని చూడకుండా పక్కనుంచి గుడికి వెళ్లేవారు. నెలకి పైగా అలా నిలబడింది. చివరికి ఆయన భార్య ఆండాళమ్మ గారు వచ్చి గేటు తీశారు. "నీ మొహం చూడ్డానికి కాదు. చెట్ల కోసం. చేసి పో" అన్నారు.

పంతొమ్మిది చెట్లు నడుమెత్తుకి నరికాం. కాపుమీదున్న చెట్లు. ఒక్కో చెట్టూ పడేటప్పుడు అమ్మ కళ్లు మూసుకునేది. చిగుళ్లు వచ్చాక నేనూ ఆమే అంటు కట్టాం. పన్నెండు పట్టాయి. ఏడు మోడులు మళ్లీ చిగురించలేదు. అమ్మ తడి గుడ్డలు చుట్టింది, పేడ పూసింది, దణ్ణం పెట్టుకుంది. ఎండిపోయాయి. ఆ మోడులు పెకిలిస్తే ఏడు గుంటలు మిగిలాయి.

నేను పెళ్లయ్యాక నా పేరుతో ఈ నర్సరీ పెట్టాను. అమ్మ చివరిదాకా నాతోనే ఉండి అంటు కట్టింది, కానీ కొనేవాళ్లతో మాట్లాడేది కాదు. ఎవరైనా "ఇది ఏ రకం మామ్మా?" అంటే నన్ను పిలిచేది. ఆ గుడ్డల మాట, నా వరసల మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏడ్చి ఉండేదాన్ని. నేను ఆమె "అవునండీ" మాట ఎత్తలేదు. ముప్ఫై ఏళ్లు ఒకే ఇంట్లో ఇద్దరం ఆ రెంటి చుట్టూ జాగ్రత్తగా నడిచాం. ఆచార్యులు గారు పోయినప్పుడు అమ్మ వెళ్లి రోడ్డు మీదే నిలబడింది. ఆండాళమ్మ గారు బయటికి వచ్చి, "పన్నెండు చెట్ల కాయలూ ఆయన తిన్నారు నాగమణీ. ఆ ఏడు గుంటల్లో మాత్రం ఏమీ నాటనివ్వలేదు. అలాగే ఉండనీ అన్నారు" అని చెప్పారట. అమ్మ ఇంటికొచ్చి నాకు చెప్పిన మాట అదొక్కటే. అప్పుడు రకానికో గుడ్డ ఉండేది, ఇప్పుడు మొక్కకో నంబరు ఉంది. ఇప్పుడు నా దగ్గర మొక్క కలిసిపోవడం కష్టం. కానీ కలిసిపోయిన రోజున నా నోట ఏ మాట వస్తుందో చెప్పే రిజిస్టరు నా దగ్గర లేదు. సంఘాల వాళ్లకి అది చెప్పలేకపోయాను.

మొన్న తొలకరి పడగానే ఏడు బంగినపల్లి మొక్కలు స్కూటర్ మీద పెట్టుకుని ఆ తోటకి వెళ్లాను. ఆండాళమ్మ గారికి ఎనభై దాటాయి. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నేను నాగమణి కూతుర్ని అండీ. ఆ గుంటల్లో నాటనిస్తారా?" అన్నాను. ఆమె స్కూటర్ మీది మొక్కల వైపు చూశారు. "ఇవేంటి?" అన్నారు. చెప్పాను. ఏ తోటలో చెట్టు, ఏ కొమ్మ, ఎవరు కోశారు, నేనే కట్టాను, ఏ రోజున. అంతా విని, "సరే, నాటు" అన్నారు. కర్ర పట్టుకుని నాతో వచ్చి ఒక్కో గుంట దగ్గరా నిలబడ్డారు. ఆరు మొక్కలు నాటి, నీళ్లు పోసి, ఏడో గుంట వైపు వెళ్తుంటే వెనక నుంచి పిలిచారు.

"అది ఉండనీ అమ్మాయ్."

మిగిలిన మొక్క తీసుకుని ఇంటికొచ్చాను.